చరిత్ర సీటుకు ఏం కావాలి? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రవేశాలపై ఒక సమీక్ష

2004లో బ్రిటన్‌లో రెండు సంగతులు ఒకే ప్రశ్నను ముందుకు తెచ్చాయి. మే నెలలో లండన్ నేషనల్ థియేటర్‌లో అలన్ బెన్నెట్ నాటకం ‘ది హిస్టరీ బాయ్స్’ మొదలైంది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చరిత్ర డిగ్రీకి దరఖాస్తు చేసేవాళ్లకు ‘హ్యాట్’ అనే ప్రత్యేక పరీక్ష పెట్టింది. చరిత్ర చదవడానికి ఎవరు తగినవాళ్లు, ఆ సంగతి పదిహేడేళ్ల వయసులోనే ఎలా తెలుస్తుంది అన్నదే రెండింటి వెనకా ఉన్న ప్రశ్న.

నాటకంలో షెఫీల్డ్ ఊరి కుర్రాళ్లు ఎనిమిది మంది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చరిత్ర సీటు కోసం చదువుతుంటారు. వాళ్లకు ముగ్గురు టీచర్లు. హెక్టర్‌కు చదువు చదువు కోసమే. పద్యాలూ పాటలూ సినిమాలూ ఏవైనా సరే పిల్లల మనసులో నాటుకోవాలి, పరీక్షతో ఆయనకు నిమిత్తం లేదు. మిసెస్ లింటాట్ జరిగింది జరిగినట్టు వరసగా, గట్టిగా నేర్పుతుంది. కొత్తగా వచ్చిన ఇర్విన్ దారి వేరు. ఒకే రకం జవాబులు దిద్ది దిద్ది ఎగ్జామినర్లు విసిగిపోయి ఉంటారు, అందరూ ఒప్పుకున్న మాటను తిరగేసి రాయండి, సీటు వస్తుంది అంటాడు. బెన్నెట్‌కు ఈ లోకం బయటిది కాదు. లీడ్స్‌లో మాంసం దుకాణంలో పనిచేసిన తండ్రికి పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో చరిత్ర చదివి ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి.

ఆ ముగ్గురిలో ఎవరి పద్ధతి సరైనదన్న వాదన ఇప్పటికీ సాగుతూనే ఉంది. కానీ దరఖాస్తులోని మెట్లను ఒక్కొక్కటిగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. అన్ని మెట్ల దగ్గరా ఈ విశ్వవిద్యాలయాలు వెతికేది ఒకే అలవాటు. ఒక ఆధారాన్ని ముందు పెట్టుకుని, అది చెప్పేదేమిటి, దాచేదేమిటి, ఎవరు ఎవరికోసం చెప్పారు అని నిలదీసే అలవాటు. అది పుట్టుకతో రాదు. పక్కన కూర్చుని ఎదురు ప్రశ్నలు వేసే మనిషి దొరికితే వస్తుంది. ఈ ప్రవేశాల్లో అన్యాయం ఉందంటే అది ప్రశ్నల్లో కన్నా, అలాంటి మనిషి కొందరికే దొరకడంలో ఎక్కువగా ఉంది.

తలుపులు తెరుచుకున్న క్రమం

విలియం కామ్డెన్ 1622లోనే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన చరిత్రకు ఆచార్య పీఠం ఏర్పాటు చేశాడు. ఒకటో జార్జి రాజు 1724లో రెండు విశ్వవిద్యాలయాల్లోనూ ఆధునిక చరిత్రకు రీజియస్ ప్రొఫెసర్ పదవులు పెట్టాడు. రాయబార పనులకు భాషలూ లోకజ్ఞానమూ ఉన్న యువకులు తయారు కావాలన్నది ఆయన ఉద్దేశం. అయినా చరిత్రను డిగ్రీగా చదివే రోజు రావడానికి మరో నూట పాతికేళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1850లో న్యాయశాస్త్రంతో జంటగా మొదలై 1872లో విడి శాఖ అయింది. కేంబ్రిడ్జ్‌లో ‘హిస్టారికల్ ట్రైపాస్’ అనే డిగ్రీ కోర్సు 1870లలో వచ్చింది. పార్లమెంటుకూ ప్రభుత్వ కొలువులకూ వలస పాలనకూ వెళ్లే వర్గానికి తగిన చదువుగా అది పేరు తెచ్చుకుంది.

ఆ తరగతి గదిలోకి ఎవరు రావచ్చునన్నది అంతకంటే మెల్లగా మారింది. ఇంగ్లండ్ చర్చికి చెందనివాళ్ల మీద ఉన్న అడ్డంకులు చాలావరకు తొలగింది 1871 చట్టంతో. స్త్రీలకు ఆక్స్‌ఫర్డ్ 1920లో డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది. కేంబ్రిడ్జ్ 1948 దాకా ఇవ్వలేదు. గ్రీకు భాష తప్పనిసరి అన్న నియమం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోయింది, లాటిన్ నియమం 1960 ప్రాంతంలో పోయింది. గ్రీకు, లాటిన్ చెప్పే బడికి వెళ్లనివాడికి అంతవరకు ఎంత తెలివి ఉన్నా దారి మూసుకునే ఉండేది.

భాషల అడ్డు తొలగాక ప్రవేశ పరీక్ష అడ్డు మిగిలింది. బాగా డబ్బున్న ప్రైవేటు పాఠశాలలు తమ పిల్లలను బడి చివరి పరీక్షలైన ఏ-లెవెల్స్ రాశాక కూడా మరో టర్మ్ ఉంచుకుని, ఈ పరీక్షకే ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చేవి. బెన్నెట్ నాటకంలోని కుర్రాళ్లు ఉన్నది సరిగ్గా ఆ టర్మ్‌లోనే. ఆ అదనపు టర్మ్ పద్ధతి 1980లలో ఆగింది. 1995లో ఆక్స్‌ఫర్డ్ తన పాత ప్రవేశ పరీక్షను పూర్తిగా ఎత్తేసింది. ఇక బడి మార్కులు, ఇంటర్వ్యూలే మిగిలాయి. ఈలోగా ఏ-లెవెల్స్‌లో ‘ఏ’ గ్రేడ్లు తెచ్చుకునేవాళ్లు పెరిగిపోయి, మార్కులు చూసి మనిషిని గుర్తించడం కష్టమైంది. 2004లో హ్యాట్ రావడానికి నేపథ్యం అదే.

అక్టోబరు నుంచి జనవరి దాకా

బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులు దాదాపు అన్నీ ‘యూకాస్’ అనే ఉమ్మడి సంస్థ ద్వారానే వెళ్తాయి. విద్యార్థి ఐదు కోర్సులు ఎంచుకోవచ్చు గానీ ఒకే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కూ కేంబ్రిడ్జ్‌కూ కలిపి పెట్టడానికి వీల్లేదు. మిగతా విశ్వవిద్యాలయాలకు జనవరి దాకా గడువు ఉంటే ఈ రెండింటికీ అక్టోబరు 15నే ముగుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ చరిత్రకు సాధారణంగా మూడు ఏ-లెవెల్స్‌లో ‘ఏ’ గ్రేడ్లు అడుగుతుంది. కేంబ్రిడ్జ్ వాటిలో ఒకటి ‘ఏ స్టార్’ కావాలంటుంది. దరఖాస్తు చేసేనాటికి ఈ పరీక్షలు ఇంకా రాసి ఉండరు కాబట్టి టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లనే లెక్కలోకి తీసుకుంటారు. సీటు ఇస్తే, ఆ గ్రేడ్లు తెచ్చుకోవాలన్న షరతుతో ఇస్తారు.

దరఖాస్తుతో పాటు పర్సనల్ స్టేట్‌మెంట్, టీచర్ రాసిన సిఫారసు వెళ్తాయి. తర్వాత బడిలో రాసిన చరిత్ర వ్యాసం ఒకటి పంపమంటారు. షార్ట్‌లిస్టు అయినవాళ్లను డిసెంబరులో ఇంటర్వ్యూ చేస్తారు. ఫలితం జనవరిలో వస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తే ఏటా సుమారు 3,300 సీట్లకు 23 వేలకు పైగా దరఖాస్తులు వస్తుంటాయి. చరిత్రలో పోటీ కొంచెం తక్కువ, దాదాపు నలుగురిలో ఒకరికి సీటు దొరుకుతుంది. ఆ నలుగురూ తమ బడుల్లో ముందువరసలో ఉన్నవాళ్లే కాబట్టి ఆ లెక్కతో సులువని అనుకోవడానికి లేదు.

సీటు ఇచ్చేది ప్రధానంగా కాలేజీ. రెండు విశ్వవిద్యాలయాలూ ముప్ఫైకి పైగా కాలేజీల సమాఖ్యలు. విద్యార్థి ఒక కాలేజీ పేరు రాయవచ్చు, రాయకుండా వదిలేయవచ్చు. ఒక కాలేజీకి పోటీ మరీ ఎక్కువైతే ఆక్స్‌ఫర్డ్‌లో మరో కాలేజీకి మళ్లిస్తారు. కేంబ్రిడ్జ్‌లో ‘వింటర్ పూల్’ అనే ఏర్పాటు ఉంది, ఒక కాలేజీ తీసుకోలేకపోయిన మంచి విద్యార్థిని ఇంకో కాలేజీ అందులోంచి ఎంచుకుంటుంది. ఏ కాలేజీ అయితే సులువన్న లెక్కలతో నెలలు గడపడం వృథా. ఆ సమయం చదవడానికి పెడితే మేలు.

నాలుగు వేల అక్షరాలు

పర్సనల్ స్టేట్‌మెంట్‌కు యూకాస్ ఇచ్చే జాగా 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఏళ్ల తరబడి అది ఒకే వ్యాసంగా ఉండేది. 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు, ఇప్పటిదాకా చదివింది మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, బడి బయట ఏం చేశారు అన్నవి ఆ మూడు. రాయడం ఇంట్లో అలవాటు లేని పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలన్నది ఈ మార్పు ఉద్దేశం. అది మంచి మార్పు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు చిన్ననాటి కథతో మొదలుపెట్టడం. 2007లో యూకాస్ వేలాది స్టేట్‌మెంట్లను పోల్చి చూసినప్పుడు, చిన్నప్పుడు రసాయన ప్రయోగం చేస్తూ పైజమాకు చిల్లు పడేలా కాల్చుకున్నామని 234 మంది రాసినట్టు తేలింది. ఒకే నమూనాను అంతమంది ఎత్తి రాశారు. ఆ తర్వాత యూకాస్ నకళ్లను పట్టే యంత్రాంగం పెట్టింది. చరిత్రకు దరఖాస్తు చేసేవాళ్లలోనూ కోట చూసి పులకించిన బాల్యాలు, తాతయ్య చెప్పిన యుద్ధ కథలు ఇలాగే మళ్లీ మళ్లీ వస్తాయి. అవి అబద్ధాలు కాకపోవచ్చు. కానీ వాటిని చదివే ట్యూటర్‌కు, అంటే కాలేజీ అధ్యాపకుడికి, వాటివల్ల విద్యార్థి ఆలోచన గురించి ఏమీ తెలియదు.

ట్యూటర్లకు కావలసింది ఒక పుస్తకంతో విద్యార్థి పడిన పేచీ. ఉదాహరణకు క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో రాసిన ‘ఆర్డినరీ మెన్’, డేనియల్ గోల్డ్‌హాగెన్ 1996లో రాసిన ‘హిట్లర్స్ విల్లింగ్ ఎగ్జిక్యూషనర్స్’. ఇద్దరూ 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్ గురించే, చాలావరకు అవే విచారణ కాగితాలు చదివి రాశారు. పోలండ్‌లో యూదులను కాల్చి చంపిన ఆ మామూలు మనుషులు తోటివాళ్ల ఒత్తిడికీ విధేయతకూ లొంగిపోయారని బ్రౌనింగ్ చెప్పాడు. జర్మనీలో తరాలుగా పాతుకుపోయిన యూదు ద్వేషమే వాళ్లచేత ఇష్టంగా ఆ పని చేయించిందని గోల్డ్‌హాగెన్ వాదించాడు. ఒకే కాగితాల నుంచి రెండు వేర్వేరు జవాబులు ఎలా వచ్చాయో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన విద్యార్థి, ఇరవై పుస్తకాల పేర్లు పేర్చినవాడికంటే ఎంతో ముందుంటాడు.

ఈ.హెచ్.కార్ 1961లో కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల పుస్తకం ‘వాట్ ఈజ్ హిస్టరీ?’ చాలా దరఖాస్తుల్లో కనిపిస్తుంది. దానికి ఎదురుగా 1967లో జి.ఆర్.ఎల్టన్ రాసిన ‘ద ప్రాక్టీస్ ఆఫ్ హిస్టరీ’ని కూడా చదివి, ఇద్దరి మధ్య తగాదా ఎక్కడుందో పట్టుకున్నవాళ్లు తక్కువ. ఒక మనిషి జీవితం నుంచి ఒక కాలాన్ని చూపించిన పుస్తకాలూ ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒక ఇటాలియన్ పిండిమిల్లు మనిషి మతవిచారణ కాగితాల నుంచి కార్లో గింజ్‌బర్గ్ రాసిన ‘ద చీజ్ అండ్ ద వర్మ్స్’, పదహారో శతాబ్దపు ఫ్రెంచి పల్లెలో దొంగ భర్త కేసుపై నటాలీ జెమన్ డేవిస్ రాసిన ‘ద రిటర్న్ ఆఫ్ మార్టిన్ గేర్’ అలాంటివే. వీటిలో ఆధారం ఎక్కడ ఆగింది, రచయిత ఊహ ఎక్కడ మొదలైంది అన్న ప్రశ్న పేజీపేజీకీ ఎదురవుతుంది.

తెలియని కాగితం ముందు

హ్యాట్ రూపం ఇరవై ఏళ్లలో పలుమార్లు మారింది. మొదట రెండు గంటల పరీక్ష. 2018లో గంటకు కుదించి, ఒకే ఒక మూలాధారం ఇచ్చి ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. 2023 నుంచి కంప్యూటర్ మీదకు మార్చారు. కేంబ్రిడ్జ్ 2016 నుంచి కొన్నేళ్లు తన సొంత పరీక్ష నడిపి ఆపింది. ఈ నియమాలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి ఏ కోచింగ్ పుస్తకాన్నీ నమ్మకుండా ఆ ఏటి విశ్వవిద్యాలయ ప్రకటనే చూసుకోవాలి. హ్యాట్ ఉన్నన్నాళ్లూ మారనిది ఒకటుంది. విద్యార్థికి బొత్తిగా పరిచయం లేని కాలం నుంచో దేశం నుంచో ఒక పాఠం ఇచ్చి, దీన్ని బట్టి ఆ సమాజం గురించి ఏం చెప్పగలవు అని అడిగేవాళ్లు. నేపథ్య జ్ఞానానికి మార్కులు ఉండేవి కావు.

ఈ పని ఎలా ఉంటుందో తెలుగు నేల మీది ఆధారంతోనే చూడవచ్చు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయశాసనం అది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లనీ, ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్ల మీద దయతో తాము నిర్ణయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమనీ అందులో ఉంది. సుంకం ముప్ఫయ్యో వంతు. తర్వాత చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు వంటి సరుకుల జాబితా.

పాఠ్యపుస్తకం ఇక్కడ ఒక్క ముక్కలో తేలుస్తుంది: గణపతిదేవుడు వాణిజ్యాన్ని ప్రోత్సహించాడు. హ్యాట్ లాంటి పరీక్ష అక్కడే ఆగనివ్వదు. పూర్వపు రాజులు దోచుకున్నారన్న మాట రాజు తన గొప్ప కోసం చెప్పుకున్నదా, నిజంగా జరిగిందా? జరగకపోతే వర్తకులకు అభయం ఇవ్వాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దయ అనే ధర్మభాష, ముప్ఫయ్యో వంతు అనే లెక్కల భాష ఒకే రాతి మీద ఎందుకున్నాయి? ఈ రాతిని చదివేది ఎవరు, చదివి వినిపించేది ఎవరు? జాబితాలో లేని సరుకుల మాటేమిటి? ఓడల సరుకు మోసిన కూలీల గురించి ఒక్క మాటా లేకపోవడం ఏం చెబుతుంది? ఇన్ని ప్రశ్నలకూ ఆధారంలో ఉన్న మాటలను చూపిస్తూ, ఎక్కడ గట్టిగా చెప్పవచ్చో ఎక్కడ చెప్పకూడదో విడదీసి రాసినవాళ్లకే మంచి మార్కులు. కాకతీయ వంశవృక్షం మొత్తం కంఠస్థం వచ్చినా ఇక్కడ అక్కరకు రాదు. ఇర్విన్ చిట్కా కూడా పనిచేయదు, ఎందుకంటే తిరగేసి చెప్పిన మాటకు ఆ శాసనంలో ఆధారం ఉండి తీరాలి.

ఇరవై అయిదు నిమిషాల సంభాషణ

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది, ఎక్కువ విమర్శకు గురైందీ ఇంటర్వ్యూయే. సాధారణంగా ఇద్దరు ట్యూటర్లు, ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు. పంపిన వ్యాసం గురించో, అప్పటికప్పుడు చదవమని ఇచ్చిన ఒక పేజీ గురించో మాట్లాడతారు. ఈ రెండు విశ్వవిద్యాలయాల్లో చదువు నడిచే తీరుకు ఇది నమూనా. ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్, కేంబ్రిడ్జ్‌లో సూపర్‌విజన్ అంటారు. ఒకరో ఇద్దరో ముగ్గురో విద్యార్థులు తాము రాసిన వ్యాసంతో టీచర్ ముందు కూర్చుని గంటసేపు దాన్ని నిలబెట్టుకోవాలి. మూడేళ్లు దాదాపు ప్రతివారం ఇదే పని. కాబట్టి, ఈ పద్ధతిలో ఈ విద్యార్థి ఎదుగుతాడా అని ముందే చూసుకోవడంలో తర్కం ఉంది.

ఆక్స్‌ఫర్డ్ స్వయంగా బయటపెట్టిన నమూనా ప్రశ్నల్లో ఒకటి చూడండి. గతం గురించిన రికార్డులన్నీ పోయి, ఆటలకు సంబంధించినవి మాత్రమే మిగిలితే గతంలో ఎంతభాగం తెలుసుకోగలం? దీనికి తయారు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. తెలుగు విద్యార్థికి వెంటనే తట్టాల్సింది పల్నాటి వీరచరిత్ర. అందులో కోడిపందెం ఓడినందుకు ఒక వర్గం రాజ్యం వదిలి ఏడేళ్లు వెళ్లాల్సి వస్తుంది. పందెం గురించిన కథనం నుంచే దాయాదుల పోరు, మంత్రుల ఎత్తుగడలు, మాటకు కట్టుబడటమనే విలువ, నాగమ్మ అనే స్త్రీ చేతిలోని అధికారం బయటికొస్తాయి. పన్నెండో శతాబ్దపు సంగతిని తర్వాతి శతాబ్దాల కవి చెబుతున్నాడు గదా, అందులో ఏ కాలం ఎంత అని ట్యూటర్ అడిగితే అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది. పంట, పన్ను, ప్రసవం లాంటివి ఆటల రికార్డుల్లో ఎంతవరకు కనిపిస్తాయి అని ఇంకో అడుగు వేయవచ్చు. తను అన్నమాట నిలవదని తెలిసినప్పుడు విద్యార్థి దాన్ని సవరించుకోవడం ట్యూటర్‌కు లోపంగా కనిపించదు. వాళ్లు ఎదురుచూసే ఘట్టమే అది.

విమర్శ కూడా బలమైనదే. పక్కా నిర్మాణం లేని ఇంటర్వ్యూలు మనిషి భవిష్యత్తును సరిగా అంచనా వేయలేవని మనస్తత్వశాస్త్ర పరిశోధన చాలాకాలంగా చెబుతోంది. మాట్లాడేవాడి యాస, ధీమా, తనలాంటివాడే అన్న భావన, అడిగేవాడి తీర్పులోకి తెలియకుండానే చొరబడతాయి. ఇంట్లో భోజనాల దగ్గర వాదించుకునే అలవాటున్న పిల్లకూ, పెద్దల ముందు నోరెత్తకూడదని పెరిగిన పిల్లకూ ఆ గదిలో దొరికేది ఒకే ఇరవై అయిదు నిమిషాలు. ఈ రెండో పిల్లను మన తరగతి గదుల్లో రోజూ చూస్తాం. విశ్వవిద్యాలయాలు దీనికి చేసిన సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. ఒకరి తీర్పు మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురు కలిసి అడగడం, ట్యూటర్లకు శిక్షణ, ముందే అనుకున్న ప్రమాణాల మీద మార్కులు, ఇంటర్వ్యూను వ్యాసంతో, గ్రేడ్లతో కలిపి చూడటం వాటిలోవి. అవి సమస్యను తగ్గించాయి, తీర్చలేదు.

ఎవరికి అందుతోంది

బ్రిటన్ పిల్లల్లో ప్రైవేటు బడుల్లో చదివేవాళ్లు నూటికి ఏడుగురు. ఆక్స్‌ఫర్డ్ చేర్చుకునే బ్రిటిష్ విద్యార్థుల్లో ప్రభుత్వ బడులనుంచి వచ్చేవాళ్లు ఈమధ్య సంవత్సరాల్లో మూడింట రెండు వంతులకు చేరారు. మిగతా మూడో వంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. 2017లో పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ సమాచార హక్కు కింద వివరాలు తెప్పించి బయటపెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లో దాదాపు మూడో వంతు, 2015లో ఏ-లెవెల్ చదివిన నల్లజాతి బ్రిటిష్ విద్యార్థిని ఒక్కరినైనా చేర్చుకోలేదని తేలింది. ఆ దుమారం తర్వాత, 2018 నుంచి ఆక్స్‌ఫర్డ్ ఏటా ప్రవేశాల నివేదిక ప్రచురిస్తోంది. ఏ కాలేజీ, ఏ సబ్జెక్టు ఎవరిని చేర్చుకుందో ఎవరైనా చూడవచ్చు.

నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి ఇప్పుడు రెండుచోట్లా ఉంది. విద్యార్థి బడి సగటు ఫలితాలు, ఉండే ప్రాంతంలోని పేదరికం, బడిలో ఉచిత భోజనం తీసుకునేవాడా అన్న వివరాలు ట్యూటర్ ముందుంటాయి. బలహీనమైన బడి నుంచి వచ్చిన ‘ఏ’కూ ఖరీదైన బడి నుంచి వచ్చిన ‘ఏ’కూ బరువు ఒకటి కాదన్న గుర్తింపు ఇది. ప్రభుత్వ బడి పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ ‘యూనిక్’ పేరుతో వేసవి శిబిరాలు నడుపుతోంది. లేడీ మార్గరెట్ హాల్ కాలేజీ 2016లో ఏడాదిపాటు పునాది కోర్సు మొదలుపెట్టింది. కేంబ్రిడ్జ్ 2022లో, ఆక్స్‌ఫర్డ్ మొత్తంగా 2023లో అలాంటి కోర్సులు ప్రారంభించాయి.

ప్రమాణాలు పడిపోతాయని కొందరు దీన్ని వ్యతిరేకించారు. ప్రైవేటు బడి పిల్లలకు అన్యాయమని మరికొందరు అన్నారు. ఇంకో పక్క నుంచి, ఇవన్నీ పై పూతలే, బడుల్లో ఉన్న తేడాను విశ్వవిద్యాలయం గేటు దగ్గర సరిచేయలేరన్న వాదన వచ్చింది. మూడింటిలో చివరిదానికే బలం ఎక్కువ. అయినా, గేటు దగ్గర చేయగలిగింది చేయకపోవడానికి అది సాకు కాకూడదు. వేసవి శిబిరంలో వారం రోజులు ట్యూటర్‌తో మాట్లాడిన పిల్ల డిసెంబరు ఇంటర్వ్యూలో అపరిచితుల ముందు కూర్చున్నట్టు కూర్చోదు. ఖరీదైన బడి డబ్బు తీసుకుని ఇచ్చేది చాలావరకు ఈ అలవాటునే.

ఏ చరిత్ర?

ఎవరు చదవాలన్న ప్రశ్నతో పాటే ఏ చరిత్ర చదవాలన్న ప్రశ్న వచ్చింది. 1963లో ఆక్స్‌ఫర్డ్ రీజియస్ ప్రొఫెసర్ హ్యూ ట్రెవర్-రోపర్, ఆఫ్రికాలో ఐరోపావాళ్ల చరిత్ర ఉందే తప్ప వేరే చరిత్ర లేదన్న అర్థంలో మాట్లాడాడు. అదే పదవిలోకి 2011లో తొలిసారి ఒక స్త్రీ, ఆస్ట్రేలియాకు చెందిన లిండల్ రోపర్ వచ్చింది. 2015 నుంచి ఓరియల్ కాలేజీ మీది సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ విగ్రహం తొలగించాలన్న ఉద్యమం సిలబస్‌ను కూడా ప్రశ్నించింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ చరిత్ర విద్యార్థులంతా బ్రిటన్, ఐరోపాలకు బయటి చరిత్రపై కనీసం ఒక పేపరైనా చదవాలన్న నిర్ణయం వచ్చింది.

దరఖాస్తుదారుకు దీనివల్ల కలిసొచ్చేది ఉంది. బ్రిటిష్ బడుల్లో చరిత్ర ట్యూడర్ రాజుల చుట్టూ, హిట్లర్ జర్మనీ చుట్టూ తిరుగుతుందన్న ఫిర్యాదు పాతదే. తనకు తెలిసిన నేల నుంచి ఒక సమస్యను తెచ్చినవాళ్ల మాట కొత్తగా వినిపిస్తుంది. ఆ సమస్య వివాదంగా ఉంటే మరీ మంచిది. ఉదాహరణకు డేవిడ్ వాష్‌బ్రూక్ 1976లో మద్రాసు ప్రెసిడెన్సీ రాజకీయాలపై రాసిన పుస్తకం. అందులో తెలుగు జిల్లాలూ ఉన్నాయి. జాతీయోద్యమ కాలపు రాజకీయాన్ని ఆశయాలకన్నా స్థానిక పెత్తందార్లు, పదవులు, పంపకాల లెక్కతో వివరించిన ‘కేంబ్రిడ్జ్ స్కూల్’ ధోరణి అది. మామూలు జనం సొంతంగా ఆలోచించి కదిలారన్న సంగతిని ఆ లెక్క మింగేసిందని 1980లలో రణజిత్ గుహ బృందం ‘సబాల్టర్న్ స్టడీస్’లో ఎదురు నిలిచింది. చీరాల పేరాల, పెదనందిపాడు ఉద్యమాల కథలు తెలిసిన విద్యార్థి ఈ తగాదాలోకి సొంత కాళ్ల మీద దిగగలడు.

ఇతర చోట్ల

అమెరికాలో హార్వర్డ్, యేల్ లాంటిచోట్ల విద్యార్థి దరఖాస్తు చేసేది కాలేజీకే గానీ చరిత్రకు కాదు. ప్రధాన సబ్జెక్టు ఎంచుకునేది రెండో ఏడాదిలో. అక్కడ మనిషిని మొత్తంగా చూస్తామంటారు. ఆ ‘మొత్తం’ అన్న మాటకు చీకటి చరిత్ర ఉంది. 1920లలో యూదు విద్యార్థుల సంఖ్య తగ్గించడానికే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లు వ్యక్తిత్వం, స్వభావం అనే కొలమానాలు తెచ్చాయని జెరోమ్ కారబెల్ 2005లో ‘ద చోజెన్’ పుస్తకంలో వివరంగా చూపించాడు. దానితో పోలిస్తే ఆక్స్‌ఫర్డ్ పద్ధతి ఇరుకైనదే గానీ, సబ్జెక్టును మాత్రమే చూస్తానంటుంది కాబట్టి ఎక్కువ నిజాయితీ గలది.

మన దేశంలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఒకప్పుడు వ్యాస ప్రశ్నలతో ప్రవేశ పరీక్ష పెట్టేది. వెనుకబడిన జిల్లాల విద్యార్థులకు అదనపు పాయింట్లు కలిపేది. నేపథ్యాన్ని లెక్కించడమన్న ఆలోచన అక్కడ ఎన్నో ఏళ్ల ముందే ఆచరణలో ఉంది. 2019 నుంచి ఆ పరీక్ష బహుళైచ్ఛిక ప్రశ్నల్లోకి మారింది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. దిద్దడం తేలికైంది, పక్షపాతానికి చోటు తగ్గింది. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం ద్వారా మోటుపల్లి శాసనాన్ని చదవగలవాడెవడో తేల్చలేం. సమానత్వం కోసం వ్యాసాన్ని వదులుకోవాల్సిన పని లేదని జేఎన్‌యూ పాత పద్ధతే చూపించింది.

తెలుగు ఇంటి నుంచి

ఆక్స్‌ఫర్డ్‌తో తెలుగువారి బంధం పాతదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 దాకా అక్కడ ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ప్రొఫెసర్. ఆయన కుమారుడు సర్వేపల్లి గోపాల్ అక్కడే చరిత్ర చదివి, 1960లలో అక్కడే దక్షిణాసియా చరిత్ర బోధించి, తర్వాత జేఎన్‌యూలో చారిత్రక అధ్యయన కేంద్రాన్ని నిర్మించడంలో ముందు నిలిచాడు. నెహ్రూ జీవితచరిత్రను మూడు సంపుటాల్లో రాశాడు.

అయితే ఇప్పటి తెలుగు ఇళ్లలో ఇంటర్మీడియట్ అంటే ఎంపీసీ, బైపీసీ. హెచ్‌ఈసీ తీసుకుంటానన్న పిల్లకు మార్కులు తక్కువొచ్చాయా అని అడుగుతారు. చరిత్రను ఎవరూ మొదటి ఎంపికగా తీసుకోరన్న నమ్మకం గట్టిగా ఉంది. దాన్ని దాటి బ్రిటన్‌కు దరఖాస్తు చేయాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది బోర్డు సంగతి. భారతీయ బోర్డుల్లో వేటిని నేరుగా అంగీకరిస్తారో, ఎన్ని మార్కులు అడుగుతారో విశ్వవిద్యాలయాల పట్టికల్లో ఉంటుంది. పదకొండో తరగతిలో చేరకముందే అది చూడాలి. రెండోది డబ్బు. బ్రిటిష్ విద్యార్థికి 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థికి ఆక్స్‌ఫర్డ్ చరిత్ర ఫీజు 35 వేల పౌండ్ల పైమాటే, ఖర్చులు అదనం. ‘రీచ్ ఆక్స్‌ఫర్డ్’ లాంటి డిగ్రీ స్కాలర్‌షిప్పులు బహు కొద్ది. అందరికీ తెలిసిన రోడ్స్ స్కాలర్‌షిప్ డిగ్రీ తర్వాతి చదువుకు. అందుకని ఎక్కువమందికి ఆచరణలో ఉన్న దారి ఇక్కడ హైదరాబాదులోనో ఢిల్లీలోనో చరిత్ర బీఏ బాగా చదివి, ఆ తర్వాత దరఖాస్తు చేయడం.

2020 నుంచి ఆక్స్‌ఫర్డ్ ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో విమానం ఎక్కకుండానే ట్యూటర్లతో మాట్లాడవచ్చు. హ్యాట్ పాత ప్రశ్నపత్రాలను ఆక్స్‌ఫర్డ్ ఏళ్లుగా ఉచితంగా ఉంచింది. శాసనాల సంకలనమైన ఎపిగ్రాఫియా ఇండికా పాత సంపుటాలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కల్నల్ మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలైన కైఫియత్తుల్లో చాలా భాగం తెలుగులోనే ఉంది. తెలుగులో, తమిళంలో ఉన్న కథనాలను చరిత్రగా ఎలా చదవాలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’లో చేసి చూపించారు. కాకతీయుల కాలపు శాసనాలను లెక్కకట్టి ఆనాటి సమాజంపై సింథియా టాల్బట్ 2001లో పుస్తకం తెచ్చింది. సామగ్రికి కొరత లేదు. కొరత ఉన్నది వారానికి ఒక గంట కేటాయించి, ఒక శాసనమో కైఫియత్తో పిల్లల ముందు పెట్టి, వాళ్ల జవాబుకు ఎదురు ప్రశ్న వేసే లెక్చరర్లకు. ఆ గంటకు జూనియర్ కాలేజీ టైంటేబుల్లో చోటివ్వడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లేవాళ్లు ఆ గదిలో ఒక్కరే ఉండొచ్చు, ఎవరూ ఉండకపోవచ్చు. మిగతా పిల్లలకు కూడా ఆ గంట అంతే అవసరం కాబట్టి ఈ విద్యాసంవత్సరంలోనే ఏ ప్రిన్సిపాలైనా దాన్ని మొదలుపెట్టవచ్చు.